వీధంతా ఒకే ఫోన్ మీద

పోయిన వారం మనం మిషనక్కని పురపాలక కార్యాలయం మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఎడమకాలి చెప్పు బద్దె తెగితే దాన్ని చేత్తో పట్టుకుని, లోపలికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడి ఉంది. చెప్పు తెగితే కుట్టించుకోవచ్చు. మాట తెగితే ఎవరు కుడతారు? ఇన్నేళ్లుగా వీధిలో అందరి బట్టలూ కుట్టిన మనిషికి, తన మాట విలువ చిరిగిపోయిందని ఆ ఉదయమే తెలిసింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆఫీసువాళ్ల దగ్గర రెండు బస్సులున్నాయి, ఒకదాన్నే నడపగలరు. ఒకటి మిషనక్క వాళ్ల వీధి మీదుగా పెద్దాసుపత్రికి పోయే బస్సు. రెండోది కొత్త కాలనీ నుంచి బజారుకు పోయే బస్సు. ఏది ఉంచాలో జనమే చెప్పాలన్నారు. చెప్పడానికి ఫోన్లో ఒక యాప్ పెట్టారు. దానికి ఆఫీసువాళ్లు పెద్ద పేరే పెట్టారు గానీ, వీధిలో అందరూ దాన్ని నొక్కుడు యాప్ అంటారు. వీధి వీధంతా మిషనక్క కొట్లో కూర్చుని, ఆమె ఫోన్లో, ఆసుపత్రి బస్సుకే నొక్కారు. తీరా ఫలితం బోర్డు మీద పెట్టాక చూస్తే ఆ వీధి నుంచి ఆసుపత్రి బస్సు పక్కన పడినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అవి కూడా సొంత ఫోన్లున్న కుర్రాళ్లవి. పైగా బజారు బస్సు పక్కన ఒకటి పడి ఉంది. ఒకే ఒక్కటి.

ఆ ఒక్కటీ ఎవరిది? వీధిలో పొద్దున్నుంచి ఇదే ప్రశ్న. డ్రిల్లు నేర్పి రిటైరైన మాస్టారు ఈల ఊదినట్టే సూటిగా అడిగారు. ఫోను నీది, మరిది ఆఫీసులో ఆ యాప్ దగ్గరే కూర్చుంటాడు, మా మాటలన్నీ ఎక్కడ పోశావమ్మా అని. చెప్పడానికి మిషనక్కకూ తెలియదు. తెలుసుకుందామనే ఆఫీసుకు వచ్చింది.

తెగిన చెప్పుని సంచిలో వేసుకుని, రెండో చెప్పు కూడా విప్పేసి, ఉత్తి కాళ్లతో లోపలికి నడిచింది.

లోపల కుర్చీలన్నీ ఒకదానికొకటి బిగించి ఉన్నాయి. ఒకరు లేస్తే పక్కవాళ్లు ఊగుతున్నారు. గోడ మీద పెద్ద తెరలో నవ్వుతున్న కుటుంబం ఒకటి, అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ, నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు. కింద ‘మీ ఊరు మీ వేలి చివర’ అని రాసి ఉంది. తన ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే. దాని అద్దం కూడా ఒక మూల పగిలితే బట్టల మీద అంటించే టేపు వేసింది. ఆ తెర కిందే ఒక ముసలాయన, ఏ కిటికీ దగ్గర అడగాలో చెప్పే మనిషి ఎవరైనా ఉన్నారా అని గోడను అడుగుతున్నట్టు నిలబడి ఉన్నాడు. మిషనక్క ఆయన్ని చూసి మనసులో ఒక దణ్ణం పెట్టుకుంది. ఆయన కోసమూ తన కోసమూ కలిపి. ఆమెకు అది అలవాటు. పొద్దున్నే దేవుడి ముందు నిలబడితే తన ఇల్లుతో మొదలుపెట్టి వీధి చివరిదాకా అందరినీ తలుచుకుని గానీ కళ్లు తెరవదు.

మరిది గది మెట్ల కింద ఉంది. గది అనేకంటే గూడు అనడం నయం. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, గోడ నిండా వైర్లు. ఆమె గుమ్మంలో కనబడగానే అతను లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆమె కుట్టిన చొక్కాలే వేసుకుని పెరిగిన మనిషి. వదిన కాళ్ల వంక చూశాడు, చెప్పులు లేవు. ఏమీ అడగకుండా తన కుర్చీ ఆమె వైపు జరిపి, తను కంప్యూటరు వచ్చిన అట్టపెట్టె మీద కూర్చున్నాడు. నీళ్లిచ్చాడు. ఆమె తాగలేదు. తన చేతికి ఎవరు నీళ్ల గ్లాసు ఇచ్చినా ఆమెకు ఇంట్లో కొలిచి తాగే భర్తే గుర్తొస్తాడు.

ఆ మనిషి ఒకప్పుడు ఆ ఆసుపత్రి బస్సు మీదే కండక్టరు. వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని రైట్‌రైట్ అనేవారు. ఇద్దరు ఎక్కినా రైట్‌రైట్, ఇరవైమంది ఎక్కినా రైట్‌రైట్. మూత్రపిండాలు పాడయ్యాక ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు వారానికి మూడుసార్లు అదే బస్సులో ప్రయాణికుడిగా పోయి, రక్తం కడిగే మిషను మీద పడుకుని వస్తాడు. మొదట్లో నవ్వుతూ అనేవాడు, “నీకో మిషను, నాకో మిషను. ఇద్దరం మిషన్ల మీదే బతుకుతున్నాం,” అని. ఈ మధ్య ఆ జోకు వేయడం మానేశాడు. ఎప్పుడు మానేశాడో ఆమె గమనించలేదు.

“మా వీధి వేళ్లన్నీ ఏమయ్యాయి, నాయనా?” అని అడిగింది.

అతను తలుపు దగ్గరగా వేసి వచ్చి, నేల చూస్తూ చెప్పాడు. ఒక ఫోనుకు ఒకటే మాట. అదే ఫోనులోంచి రెండోది వస్తే మిషను తీసుకుంటుంది గానీ పక్కన పెట్టేస్తుంది, లెక్కలోకి రానివ్వదు. ఎవడో ఒకడు ఊళ్లోవాళ్ల గుర్తింపు కార్డులు కట్టగట్టి తెచ్చుకుని అందరి పేరునా తనే నొక్కకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. ఏర్పాటు మంచిదే. కొత్త కాలనీలో ఇంటికి నాలుగు ఫోన్లు. వాళ్లకు ఆ ఏర్పాటు ఉందని కూడా తెలియదు.

మిషనక్క చాలాసేపు ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది, గుడ్డకు ఏది బయటివైపో తేల్చుకుంటున్నట్టు.

వాళ్ల వీధిలో ఒక పద్ధతి ఉంది. నీళ్ల ట్యాంకరు దగ్గరైనా, గ్యాసు బండి దగ్గరైనా, వరసలో సంచి పెడితే మనిషి ఉన్నట్టే. సంచిగలవాళ్లు వచ్చేదాకా వెనకవాళ్లు దాన్ని ముందుకు జరుపుతూనే ఉంటారు. సంచిని తోసి ముందుకు పోయినవాళ్లు ఇంతవరకు ఆ వీధిలో లేరు. ఒకరు మందుల షాపుకు బయల్దేరితే నలుగురి చీటీలు వాళ్ల చేతిలో ఉంటాయి. ఒకరికి కళ్లద్దాలుంటే నలుగురి ఉత్తరాలు వాళ్లే చదువుతారు. అలాంటి వీధికి ఒక యాప్ వచ్చింది. పెద్దవాళ్లలో సగంమందికి ఆ యాప్ పట్టే ఫోనే లేదు. ఉన్నది మిషనక్క దగ్గర. ఇంకేం, ఆదివారం పొద్దున్నే కార్డులు పట్టుకుని ఒక్కొక్కరే కొట్లోకి వచ్చారు. ఆమె ఒక్కొక్కరి కార్డు నంబరు కొట్టింది. తను మాత్రం ఒక్కరి బదులు కూడా నొక్కలేదు. ఎవరి వేలు వాళ్లే పెట్టారు. ఇస్త్రీ అత్త వేలు కాయ కాసి గట్టిపడిపోతే, ఫోను ఎంతకీ పట్టుకోకపోతే, తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించింది. నొక్కిన ప్రతిసారీ తెర మీద పువ్వు బొమ్మతో ‘ధన్యవాదాలు, మీ మాట మాకు అందింది’ అని వచ్చింది. అత్త ఆ పువ్వును చూసి ఎంత మురిసిపోయిందో.

“ప్రతివాళ్లకీ ధన్యవాదాలు అని వచ్చిందే,” అంది మిషనక్క.

“అది అందరికీ వస్తుంది, వదినా. లెక్కలోకి వచ్చినా వస్తుంది, రాకపోయినా వస్తుంది.”

అప్పుడు ఆమె ఆలోచన బస్సు మీద లేదు. రోజూ పొద్దున తను నిలబడి అందరి తరఫునా అడిగే మాటలు గుర్తొచ్చాయి. ఒక్క మనిషి పదిమంది కోసం అడిగితే పైవాడు కూడా ఒక్కటే తీసుకుని మిగిలినవి పక్కన పెడతాడా? ఆ తరువాత మనసుకు కలిగే ఊరట కూడా ఇలాంటి పువ్వు బొమ్మేనా? ఛ, అలా అనుకోకూడదని వెంటనే లెంపలేసుకుంది. కానీ వచ్చిన ఆలోచన వచ్చినట్టే ఉండిపోయింది, వేలిలో విరిగిన సూదిముక్కలాగా.

కాసేపటికి తేరుకుని, పోనీ తెలియక జరిగింది, వీధివాళ్లకు ఇలాగని చెప్పి క్షమించమంటాను అంది. అంటూనే ఆగింది. ఒక ఫోనుకు ఒక మాట అయితే తన ఫోను మాట ఒకటి లెక్కలో ఉండాలి కదా. కుర్రాళ్లవి కుర్రాళ్లకు సరిపోయాయి. ఆసుపత్రి బస్సు పక్కన తన ఫోనుది లేదు.

మరిది పేపర్లు సర్దాడు. సర్దడానికి అక్కడ పెద్దగా పేపర్లు కూడా లేవు.

“మీ వీధి నుంచి బజారు బస్సుకు పడిన ఆ ఒక్కటీ నీ ఫోనులోదే, వదినా,” అన్నాడు చివరికి.

మిషనక్క మొదట అతను తనను అనుమానిస్తున్నాడనుకుంది. మాస్టారు అన్నా సర్దుకోవచ్చు, చేతుల్లో పెరిగినవాడు కూడా అంటే ఎలా? కుర్చీలోంచి సగం లేచింది. తన వేలైతే ఎటు పడిందో తనకు తెలియదా, కట్టుకున్న మనిషి ప్రాణం ఆ బస్సు మీద ఉంటే తను బజారు బస్సుకు నొక్కుతుందా అని అడిగింది.

“నువ్వు కాదు. మొదట నొక్కినవాళ్లదే లెక్కలోకి వస్తుంది. ఆ రోజు మొదట నొక్కింది ఎవరో నువ్వే గుర్తు తెచ్చుకో. నన్ను చెప్పమనకు. ఎవరిది ఎటు పడిందో నేను చూడకూడదు, చూశాను. చెప్పకూడదు, ఇంతవరకూ చెప్పేశాను.”

గుర్తు తెచ్చుకోవలసిన పని లేకపోయింది. ఆదివారం పొద్దున కొట్టు తలుపు తీయగానే అందరూ ఒకే మాట అన్నారు. ఈ బస్సు ఎవరిదయ్యా అంటే మన రైట్‌రైట్‌దే, ముందు ఆయన చేతే నొక్కించమ్మా అని. తనూ సంబరపడి, బోణీ మీరే చెయ్యండి అని ఫోను భర్త చేతిలో పెట్టింది. ఆయన చూపు ఈ మధ్య మందగించింది. ఫోనును గుండెకు దగ్గరగా పెట్టుకుని, తల వంచి, కాస్త ఎక్కువసేపే చూశాడు. నొక్కాడు. పువ్వు వచ్చింది. కుర్రాళ్లు రైట్‌రైట్ అని అరిచారు. ఆయన నవ్వాడు కూడా. తను ఆ నవ్వునే చూసింది గానీ, వేలు ఎక్కడ పడిందో చూడలేదు. ఎందుకు చూస్తుంది? మెడలో పూసలు లెక్కపెట్టుకునేవాళ్లు ఉంటారు గానీ, ఊపిరి లెక్కపెట్టుకునేవాళ్లు ఉంటారా?

“చూపు సరిగ్గా ఆనదు కదా. తప్పు నొక్కి ఉంటారు,” అంది. ఆ మాట తన చెవికే అతుకు వేసినట్టు వినబడింది.

మరిది తల అడ్డంగా ఊపాడు. తనూ అలాగే అనుకున్నాడట. ఒకే ఫోనులోంచి వరసగా వస్తున్నాయని మిషను ఎర్ర గుర్తు చూపిస్తే తెరిచి చూశాడు, ఫోను వదినది. మొదటిది అన్నయ్యది. వేలు జారిందనుకుని ఆ సాయంత్రమే ఆయనకు ఫోను చేశాడు. గడువింకా ఉంది, ఒకసారి మార్చి నొక్కు, మిగిలినవాళ్లను వేరే ఫోన్లు చూసుకోమను అని చెప్పాడు. అన్నయ్య అంతా విన్నాడు. వేలు జారలేదురా అన్నాడు. మీ వదినకు చెప్పకు అన్నాడు. అంతే, ఫోను పెట్టేశాడు.

“నోరు కట్టేశాడు, వదినా. నాన్న పోయినప్పటి నుంచి ఆయన మాట ఒక్కసారైనా కాదన్నానా? కక్కలేక మింగలేక వారం నుంచి అన్నం సయించడం లేదు.”

మిషనక్క కన్నీళ్లు పెట్టుకోలేదు. పెట్టుకుంటే బాగుండునని అతనికి అనిపించి ఉంటుంది. ఆమె అతని వంక చూసిన చూపు అలా ఉంది. తిట్టడానికి కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని చూపు. నీకు వదినే కాదు, ఇస్త్రీ అత్త కూడా నిన్ను ఎత్తుకుని తిప్పింది కదా, ఆమె మోకాళ్లు పట్టుకుపోయాయి, ఆ బస్సు లేకపోతే ఆసుపత్రికి ఎలా పోతుందనుకున్నావు అని అడిగింది. మాస్టారి భార్యకు కళ్ల మందు ఎవరు తెస్తారు అని అడిగింది.

“అన్నయ్య మాట కాదనలేదు, సరే,” అంది ఆఖరుకి. “వీధి మాటని ఎవరిని అడిగి పడేశావు?”

తలుపు బయట ఎవరో తన టోకెను నంబరు పిలిచారా లేదా అని పక్కవాణ్ణి అడుగుతున్నారు.

ఆమె లేచి గుమ్మందాకా వెళ్లాక మరిది వెనక నుంచి చెప్పాడు. ఇంకో దారి ఉంది. రేపు మధ్యాహ్నందాకా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఈ ఫోను మీద తన తరువాత ఇంకా ఎందరో నొక్కారు, వాళ్ల మాటలు వినలేదు అని రాసి నొక్కితే, ఆఫీసువాళ్లు వీధికి వచ్చి ఇంటింటికీ అడగక తప్పదు. మొదటివాళ్లు ఎటు నొక్కారో బయటపడే పని కూడా లేదు. అయితే ఆ అభ్యంతరం ఎవరు పడితే వాళ్లు చెప్పడానికి లేదు. ఆ ఫోను మీద ఎవరి మాట లెక్కలోకి వచ్చిందో వాళ్లే చెప్పాలి, వాళ్ల కార్డుతో, వాళ్ల వేలితో.

అంటే వీధిలో అందరి నోళ్లూ కలిపి ఇప్పుడు ఒక్క నోరు. ఆ నోరు తన ఇంట్లోనే ఉంది. వారం నుంచి పక్కనే పడుకుంటోంది, పక్కనే తింటోంది, ఒక్క మాట అనలేదు.

ఆమె నడిచే ఇంటికి వచ్చింది. దారిలో స్టాపు దగ్గర ఆసుపత్రి బస్సు ఎదురైంది. కిటికీ పక్కన కూర్చున్న కొత్త కండక్టరు ఆమెను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. రేపు పొద్దున వస్తున్నారుగా అన్నట్టు. ఈ నెలాఖరుదాకా బస్సు ఉంటుంది. తరువాత ఆ స్టాపులో బెంచీ ఒకటే ఉంటుంది.

కొట్టు ముందు వీధివాళ్లు నిలబడి ఉన్నారు. పొద్దుగుంకలేదు ఇంకా. మాస్టారు ముందు ఉన్నారు, వెనకగా ఇస్త్రీ అత్త గోడకు ఆనుకుని ఉంది. మిగిలినవాళ్లు అడ్డు తొలిగి దారి ఇచ్చిన తీరులోనే ఆమెకు సగం తెలిసిపోయింది. ఆత్మీయులు దారి ఇవ్వరు. పక్కన నడుస్తారు. కొట్టు వెనక గదికి తలుపు బదులు కర్టెనే ఉంది. ఆ కర్టెను వెనక మంచం మీద భర్త ఉన్నాడని ఆమెకు తెలుసు. ఇక్కడ గుండీ జారిపడినా అక్కడ వినబడుతుందనీ తెలుసు.

మరిది ఏమన్నాడని మాస్టారు అడిగారు. ఆమె ఒక ఫోనుకు ఒక మాట అనే ముచ్చట చెప్పింది, దాచకుండా, తనకు అర్థమైనట్టు. తను తెలియక అందరిచేతా ఒకే ఫోను మీద నొక్కించాననీ, ఆ తప్పు తనదేననీ చెప్పింది. కొందరు తలలు ఊపారు. ఒకామె పాపం అని కూడా అంది. అప్పుడు మాస్టారు గొంతు తగ్గించి అడిగారు. ఆ తగ్గించడం చూస్తేనే ఆమెకు భయం వేసింది.

“అంతా బాగానే ఉందమ్మా. మరి బజారు బస్సుకు పడిన ఆ ఒక్కటీ ఎవరిది?”

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు. ఒక్క పేరు చెబితే తన మాట నిలబడుతుంది. కర్టెను వెనక ఉన్న మనిషి పరువు పోతుంది. పరువు ఒక్కటేనా, ఎందుకలా నొక్కాడని అడుగుతారు. ఆ ఎందుకు అనేది తను ఇంకా తన మనసులో కూడా అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

“నా ఫోనులోదే,” అంది.

అబద్ధం కాదు. దాన్ని నిజం అనడానికి కూడా నోరు రాదు. మాస్టారు కొట్లోకి వచ్చి, కుట్టి పెట్టిన బట్టల్లో తన చొక్కా వెతుక్కుని, ఇంకా గుండీలు పడలేదన్నా ఫరవాలేదని తీసుకుపోయారు. ఆయన వెనకే మిగిలినవాళ్లూ. కొలతలు ఇచ్చిన జాకెట్టు గుడ్డలు, సగం కుట్టిన లంగాలు, అంచు మడవని కర్టెన్లు, ఎవరివి వాళ్లు తీసుకున్నారు. ఎవరూ అరవలేదు. అలమార ఖాళీ అయింది.

ఇస్త్రీ అత్త ఆఖరున వచ్చింది. ఆమెవి బట్టలేమీ లేవు. తన కుడిచేతి చూపుడువేలు తనే చూసుకుంటూ నిలబడింది.

“నా వేలు నేనే పెట్టాను కదే అమ్మాయ్. పువ్వు కూడా వచ్చింది. అది కూడా లేనట్టేనా?” అని అడిగింది.

లేనట్టే అత్తా అని చెప్పడం మిషనక్క వల్ల కాలేదు. అత్త మోకాళ్లు పట్టుకుని మెట్టు దిగింది.

కొట్టు సగం మూసి ఆమె వెనక గదిలోకి వచ్చింది. భర్త గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు, నడుందాకా దుప్పటి కప్పుకుని. ముఖం ఉబ్బి ఉంది. రేపు మిషను మీద పడుకుంటే తగ్గే ఉబ్బు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆమె దేవుడి పటం దగ్గర నిలబడి రోజూలాగే కళ్లు మూసుకుంది. ఎప్పుడూ తన ఇంటితో మొదలుపెట్టేది ఇవాళ ఇస్త్రీ అత్తతో మొదలుపెట్టింది. మాస్టారి దాకా వచ్చింది, ఆయన భార్య దాకా వచ్చింది. తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఏమని అడగాలో తెలియలేదు. ఈ మనిషిని ఉంచమని అడగాలా, ఈ మనిషి కోరుకున్నది ఇమ్మని అడగాలా? కళ్లు తెరిచేసింది.

రేపు ఆసుపత్రి రోజు. మేకుకు తగిలించిన సంచి దింపి సర్దడం మొదలుపెట్టింది. మిషను మీద ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి పల్చని దుప్పటి. కొలిచిన నీళ్ల సీసా. చేతికి చుట్టే మెత్తటి గుడ్డ, తనే కుట్టింది. కార్డు.

“వాళ్లకు ఎందుకు చెప్పలేదు?” అని మంచం మీద నుంచి అడిగాడు.

“మీరు నాకు ఎందుకు చెప్పలేదు?”

ఆయన మాట్లాడింది ఆమెతోనో, ఎదురుగా ఉన్న గోడతోనో. ఆ బస్సులో పద్నాలుగేళ్లు నిలబడ్డానన్నాడు. ఎవరిని ఎక్కడ దింపాలో తన కంటే బాగా ఎవరికీ తెలియదన్నాడు. తన స్టాపు వచ్చిందని తనకు తెలుసన్నాడు. బస్సు ఉన్నంతకాలం నువ్వు నన్ను దిగనివ్వవు కదా అని కూడా అన్నాడు, చాలా మెల్లగా, తప్పు పట్టకుండా. వీధివాళ్లవి పోతాయని మాత్రం ఆ వేలు పెట్టినప్పుడు తెలియదన్నాడు. తమ్ముడు ఫోను చేశాకే తెలిసిందట.

తెలిశాక అయినా ఎందుకు ఊరుకున్నారని ఆమె అడగలేదు. జవాబు ఆ ఉబ్బిన ముఖంలోనే ఉంది. మార్చి నొక్కాలంటే ఇంకా బతకాలని నొక్కాలి.

“ఆ సంచి సర్దకు,” అన్నాడు.

మిషనక్క సర్దడం ఆపలేదు. జిప్పు చివరిదాకా లాగింది. తీసుకెళ్లి గడప పక్కన, ఎప్పుడూ పెట్టేచోటే, నిలబెట్టి వచ్చింది. తన కుట్టుమిషను ముందున్న స్టూలు తెచ్చి మంచం పక్కన వేసుకుని కూర్చుంది. ఆదివారం అందరూ కూర్చున్న స్టూలు. మూల పగిలిన ఫోను తీసి, అభ్యంతరం అని ఉన్నచోటు తెరిచి, ఆయన కార్డు నంబరు తనే కొట్టింది. ఆ ఒక్కటీ ఆమె చేయగలదు. దాని తరువాతిది ఆమె వేలికి చేతకాదు.

“ఇది బస్సు కోసం కాదు. మీ కోసమూ కాదు. మీరు రేపు వస్తారో రారో రేపు మాట్లాడుకుందాం,” అంది. “ఇస్త్రీ అత్త వేలు ఆవిడకు తిరిగి ఇచ్చెయ్యండి. ఈసారి నేను చూస్తుంటాను. నొక్కండి.”

ఫోను వెలుగు ఆయన ముఖం మీద పడింది. ఆయన ఆ వెలుగునూ, గడప పక్కనున్న సంచినీ, మళ్లీ ఆ వెలుగునూ చూశాడు. వాళ్ల వీధిలో సంచి నిలబడి ఉంటే మనిషి ఉన్నట్టే.

ఆయన చెయ్యి మాత్రం దుప్పటి కిందే ఉంది.